పెరట్లో గంజాయి మొక్క: కెనడాలో మొదటిసారి పెంచేవారికి సాగు, దొంగల బెడద

(దృశ్యం: టొరంటో శివారు. ఆరడుగుల చెక్క కంచె. దాని పైనుంచి జానెడు పొడుగున ఒక ఆకుపచ్చని కొన తొంగిచూస్తోంది.)

వెనక సందులో కుక్కను తిప్పుకుంటూ వెళ్లేవారికి కూడా ఆ కొన కనిపిస్తుంది. అది టమాటా మొక్క కాదని తెలుసుకోవడానికి వృక్షశాస్త్రం చదవనక్కర్లేదు. సెప్టెంబరు నెలాఖరుదాకా అది ఆ పెరట్లోనే ఉంటుందని నేనైతే పందెం కాయను.

కెనడాలో ఉంటూ, చట్టప్రకారం వయసు వచ్చి, మొదటిసారి ఆరుబయట గంజాయి పెంచాలనుకునే వారి కోసమే ఈ వీడియో. ఇండియాలో ఉండి చూస్తున్నవారు దీన్ని వినోదంగానే చూడండి. అక్కడ ఒక్క మొక్క పెంచినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 20వ సెక్షన్ కింద పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక్కడి నుంచి విత్తనాలు పంపమని బంధువులెవరైనా అడిగితే కుదరదని చెప్పేయండి.

(తెరపై: కెనడా పటం)

2018 అక్టోబరు 17 నుంచి ఇక్కడి సమాఖ్య చట్టం ఒక ఇంటికి నాలుగు మొక్కలు అనుమతిస్తోంది. ఇంటికి నాలుగు, మనిషికి కాదు. ఒకే ఇంట్లో గదులు పంచుకునే ఆరుగురు విద్యార్థులకు కలిపి కూడా నాలుగే. విత్తనమైనా నారు అయినా అనుమతి ఉన్న దుకాణంలోనే కొనాలి. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 19 ఏళ్లు నిండాలి. క్యూబెక్‌లో ఇంటి పెంపకం పూర్తిగా నిషేధం. ఆ నిషేధం చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. బ్రిటిష్ కొలంబియాలో మొక్క బహిరంగ స్థలం నుంచి కనిపించకూడదు. అద్దె ఇంట్లో ఉంటే ముందు ఒప్పంద పత్రం తీసి చదవండి. యజమాని వద్దన్న చోట పెంచి గొడవ తెచ్చుకోవద్దు.

(దృశ్యం: గుడ్డ కుండీలో మోకాలెత్తు మొక్క)

ఇప్పుడు సాగు సంగతి. విక్టోరియా డే సెలవు, అంటే మే 25కు ముందు వచ్చే సోమవారం దాటాక నారు బయట పెట్టడం ఇక్కడి తోటమాలుల ఆనవాయితీ. గంజాయికీ అదే మంచిది. కనీసం ఆరు గంటల ఎండ, నీరు నిలవని మట్టి, కొంచెం కంపోస్టు ఉంటే చాలు. దుకాణంవారు అంటగట్టే రకరకాల ఎరువుల సీసాల జోలికి మొదటి ఏడాది పోవద్దు. కొత్తవాళ్లు మొక్కను ఎండబెట్టి చంపడం కన్నా నీళ్లు పోసి పోసి చంపడమే ఎక్కువ. కుండీని కాస్త ఎత్తి చూడండి. బరువుగా ఉంటే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు.

గంజాయిలో మగ మొక్కలు, ఆడ మొక్కలు వేరు. మనకు కావలసిన పూలు ఆడ మొక్కవి. మగది దగ్గర ఉంటే పూల నిండా గింజలు పడతాయి. అందుకే ఆడ మొక్కలే వచ్చేలా తయారుచేసిన విత్తనాలు కొనడం తేలిక.

ఇక అసలు విషయం. ఇది చేమంతి లాంటి మొక్క. రాత్రులు పొడుగైతేనే పూస్తుంది. చేమంతి రైతులు పూత ఆలస్యం చేయడానికి తోటలో రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు కదా, ఇక్కడా అదే సూత్రం. టొరంటోలో జూన్ పగళ్లు పదిహేను గంటలు దాటుతాయి. మొక్క పూత మాట మరచి ఎత్తు పెరుగుతూ పోతుంది, ఎనిమిది అడుగులు దాటినా ఆశ్చర్యం లేదు. పూత మొదలయ్యేది సుమారు ఆగస్టులో, కోత సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నడుమ. సరిగ్గా అప్పుడే వానలు, చలి, దొంగలు ముగ్గురూ కలిసి వస్తారు.

అందుకే నేను చెప్పేది ఒకటే: దొంగతనాన్ని ఆపే పని జూన్‌లో కత్తెరతో మొదలవ్వాలి. సెప్టెంబరులో తాళం కొనేసరికి ఆలస్యమైపోతుంది. ఐదారు కణుపులు రాగానే తల తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, వాటిని తాడుతో కిందికి వంచి కట్టండి. జులై మధ్య దాటాక తుంచడం ఆపేయండి. మొక్క కంచె కన్నా రెండడుగులు కిందే ఉండాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే పగటి నిడివితో పనిలేకుండా పూసే రకాలున్నాయి. అవి పొట్టివి, రెండున్నర మూడు నెలల్లో చేతికొస్తాయి. సెప్టెంబరులోనే మంచు గడ్డకట్టే ఆల్బర్టా, సస్కాచివాన్‌లలో ఉన్నవారికి నా సలహా అవే. నాలుగు పెట్టుకోవచ్చని నాలుగూ పెట్టనక్కర్లేదు కూడా. ఒక్కటి బాగా పెంచితే ఒక ఇంటికి ఎక్కువే.

(దృశ్యం: పువ్వుల గుత్తి, అతి దగ్గరగా)

ఇక్కడ చూడండి. పచ్చని గుత్తి మధ్యలో ఒకే ఒక చిన్న ఆకు పసుపెక్కింది. మెల్లగా లాగితే ప్రతిఘటన లేకుండా ఊడి వచ్చేసింది. లోపల గోధుమ రంగు మెత్తదనం. ఇది బొట్రైటిస్ అనే బూజు తెచ్చే కుళ్లు. తడి రోజుల్లో దొంగకన్నా వేగంగా పంట తినేది ఇదే. కుళ్లిన భాగం దాటి కింది దాకా కోసి పారేయండి, మొక్క దగ్గర కంపోస్టులో వేయకండి. బూజు పట్టిన పువ్వు ఎండబెట్టినా పీల్చడానికి పనికిరాదు.

(దృశ్యం: రాత్రి, పెరటి తలుపు)

పూత ముదిరాక వాసన వస్తుంది. దాన్ని కంచె ఆపలేదు. కదలిక కనిపెట్టి వెలిగే దీపం పెట్టాలనిపిస్తుంది, పెట్టండి, కానీ మొక్క వైపు కాకుండా గేటు వైపు తిప్పండి. అర్ధరాత్రి పదేపదే వెలుతురు పడితే పూత చెడుతుంది. చీకట్లో పరారుణ కాంతితో చూసే కెమెరా అయితే ఆ చిక్కు లేదు. గేటుకు తాళం తప్పనిసరి, దొంగల కోసమే కాదు, పిల్లల కోసం కూడా.

వీటన్నింటికన్నా పెద్ద కన్నం మన నోరే. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, వెనక ఇంటి నంబరు కనిపించేలా తీసి, మొక్క పోయిందని బాధపడితే ఎవరేం చేస్తారు? కోత అయ్యేదాకా ఊరుకోండి. పక్కింటివారికి మాత్రం ముందే మర్యాదగా చెప్పండి. వాసన గురించి ఫిర్యాదు చేసే మనిషి, కాపలా కాసే మనిషి ఒక్కరే కావచ్చు.

మన ఊళ్లలో అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ కట్టి మనుషుల ప్రాణాలు తీసిన సంగతులు పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇక్కడ అలాంటి ఆలోచనే రానివ్వకండి. మనిషికి గాయమయ్యేలా ఉచ్చు పన్నడం కెనడా క్రిమినల్ కోడ్ 247వ సెక్షన్ ప్రకారం నేరం, వచ్చినవాడు దొంగే అయినా సరే. దొంగ ఎదురుపడితే లోపలికి వెళ్లి తలుపేసుకుని పోలీసులకు ఫోను చేయండి. చట్టబద్ధంగా పెంచిన మొక్క పోవడమంటే సైకిల్ పోవడం లాంటి దొంగతనమే, ఫిర్యాదు చేయడానికి సిగ్గుపడనక్కర్లేదు.

కోసిన కొమ్మలను చీకటి గదిలో, గాలి ఆడేలా, వారం పది రోజులు వేలాడదీయండి. ఆ గదికీ తాళం. పెద్దలకు 30 గ్రాముల లోపు ఉచితంగా ఇవ్వవచ్చు, అమ్మితే నేరం. వారాంతంలో అమెరికా వైపు డెట్రాయిట్‌లోనో బఫెలోలోనో ఉన్న బంధువుల ఇంటికి వెళ్తుంటే కారులో, జేబులో, సంచిలో ఎక్కడా ఒక్క గ్రాము కూడా లేకుండా చూసుకోండి. మిషిగన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమే అయినా సరిహద్దు దాటించడం రెండు దేశాల్లోనూ నేరమే.