ఆ నార్మల్ మందుది, గ్రంథిది కాదు

(ప్రపంచ థైరాయిడ్ దినోత్సవం సందర్భంగా శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, ఈ రోహిణి కార్తె ఎండలో ఇంత దూరం వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ఏటా మే 25న థైరాయిడ్ దినోత్సవం జరుపుతారు గనుక నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో 31 ఏళ్లు రక్తం తీసి, పరీక్షించి, కాగితం చేతికిచ్చిన టెక్నీషియన్‌ను. మందు గురించి చెప్పే అధికారం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా అధికారం లేని నోటితో ఒకసారి ఒక మాట అన్నాను. ఆ మాట సంగతి పదిమందిలో చెప్పుకోవాలనే ఈ పిలుపును ఒప్పుకున్నాను.

అప్పటికి మా వదినకు 57 ఏళ్లు. థైరాయిడ్ రక్తపరీక్షలో, మామూలుగా నాలుగైదు లోపు ఉండవలసిన టీఎస్‌హెచ్ అనే అంకె 42 వస్తే డాక్టరు గారు థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను మాత్రలు మొదలుపెట్టి, చివరకు మోతాదును 75 మైక్రోగ్రాముల దగ్గర నిలిపారు. ఆరు నెలల తర్వాత నేనే రక్తం తీశాను. 2.6 వచ్చింది. సాయంత్రం రిపోర్టు కోసం వచ్చి, కిటికీ అవతల నిలబడి, "ఏమయ్యా, ఎలా ఉంది?" అని అడిగింది. ఆమె వెనక ఇంకా పదిహేను మంది వరుసలో ఉన్నారు. "నార్మలే వదినా, ఇంక బెంగ లేదు" అన్నాను. ఆమె ఇంటికి వెళ్లి, సీసాలో మిగిలిన మాత్రలను గూట్లో పెట్టేసి, మళ్లీ వాటి జోలికి పోలేదు. తప్పు ఆమెది కాదు. జ్వరం తగ్గితే బిళ్ల మానేస్తాం కదా. నార్మల్ అంటే తగ్గిపోయిందనే కదా ఎవరైనా అనుకునేది.

ఎనిమిది నెలల తర్వాత, ఏప్రిల్‌లో, మా ఇంట శుభకార్యానికి వచ్చినప్పుడు మేమంతా చెమటతో తడిసిపోతుంటే, ఆమె మాత్రం ఫ్యాను కింద నుంచి లేచి వెళ్లి, కొంగు భుజాల నిండా కప్పుకుని వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. కనురెప్పలు ఉబ్బాయి. మరునాడు ల్యాబ్‌లో చేయి చాపినప్పుడు చూస్తే గాజులు మణికట్టు మీద అచ్చులు వేసి ఉన్నాయి. ఆ వాపులో నరం దొరక్క రెండుసార్లు గుచ్చవలసి వచ్చింది. నాడి నిమిషానికి 52. టీఎస్‌హెచ్ 78 దాటింది, రక్తంలో థైరాయిడ్ హార్మోనును చూపే ఫ్రీ టీ4 అట్టడుగుకు పోయింది. డాక్టరు గారు ఈసీజీ తీయించి, ఒక్కసారిగా గుండె మీద భారం పడకూడదని 25 మైక్రోగ్రాములతో మళ్లీ మొదలుపెట్టి మెల్లగా పెంచారు. తేరుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

నేను అనవలసిన మాట, "ఈ మందు సరిగ్గా పనిచేస్తోంది వదినా, ఇలాగే వేసుకో" అని. ఈ రెండు మాటలకూ తేడా ఎక్కడుందో చెబుతాను. మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంటుంది, దాన్ని మేస్త్రీ అనుకోండి. మెడలోని థైరాయిడ్ గ్రంథి ఇటుకలు మోసే కూలీ. కూలీ చేయి నెమ్మదిస్తే మేస్త్రీ కేకలు పెరుగుతాయి. ఆ కేకే టీఎస్‌హెచ్. కూలీ మోసే ఇటుకలు టీ4 (అంటే థైరాక్సిన్), టీ3 హార్మోన్లు. అందుకే గ్రంథి మందగించినప్పుడు టీఎస్‌హెచ్ తగ్గదు, పెరుగుతుంది, ఈ తిరకాసు అర్థం కాక "నాది ఎక్కువుంది, అంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందా?" అని అడిగినవాళ్లు నా సర్వీసులో లెక్కలేనంత మంది. పైగా ఈ మేస్త్రీ మహా చిరాకు మనిషి. టీ4 కాస్త తగ్గితే చాలు, కేక ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనం మింగే మాత్ర బయటి నుంచి తెచ్చిన ఇటుకల బండి. ఇటుకలు అందాయి గనుక మేస్త్రీ ఊరుకున్నాడు. కూలీ లేచి పనిలోకి వచ్చాడని కాదు. బండి ఆగితే మళ్లీ కేకలే. మా వదిన కాగితం మీది 2.6 ఆ బండిది.

సరే, కాగితంలోకి వద్దాం. టీఎస్‌హెచ్‌కు చాలా ల్యాబ్‌లు సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు మామూలు పరిధిగా అచ్చు వేస్తాయి. యంత్రాన్ని బట్టి ఇది కొంచెం మారుతుంది గనుక, ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ పరిధితో పోల్చకూడదు. వీలైనంతవరకు ఒకేచోట చేయించుకోవడం మేలు. టీఎస్‌హెచ్ పెరిగి ఫ్రీ టీ4 తగ్గితే జబ్బు స్పష్టం. టీఎస్‌హెచ్ ఒక్కటే పెరిగి ఫ్రీ టీ4 సరిగ్గా ఉన్నప్పుడే చిక్కంతా. పది దాటితే సాధారణంగా మందు మొదలుపెడతారు. ఐదు, ఆరు, ఏడు దగ్గర ఉంటే తొందరపడకుండా రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించమంటారు, ఎందుకంటే చాలామందిలో అది దానంతటదే దిగివస్తుంది. యాంటీ టీపీఓ అనే పరీక్ష పాజిటివ్ అయితే మన రక్షణ వ్యవస్థే గ్రంథిని తినేస్తోందని అర్థం. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వర్ణించిన జబ్బు ఇది. డెబ్బై దాటినవారిలో టీఎస్‌హెచ్ కొంత ఎక్కువగా ఉండటం వయసు సహజం. ఎర్ర అక్షరాలతో ఉన్న రిపోర్టు పట్టుకుని 78 ఏళ్ల తండ్రికి అప్పటికప్పుడు మాత్రలు మింగించాలని చూసే కొడుకులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మోతాదు మార్చిన పది రోజులకే పరీక్షకు వచ్చేవారు మరికొందరు. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికి వారం పడుతుంది. రక్తంలో నిలకడకు రావాలంటే ఆరు వారాలు కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు చేయించిన పరీక్షకు డబ్బు దండగ, పైగా ఆ అంకెను నమ్మి మోతాదు మారిస్తే కొత్త తప్పు. మాత్ర కంపెనీ మారినప్పుడు కూడా ఇదే లెక్క.

ఒక్క నిమిషం. ఈ సభలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. 2013లో వెలువడిన ఒక సర్వేలో మన హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించే ఈ లోపం కనిపించింది. ఈ ఉదయం మాత్ర వేసుకున్న అరగంటలోపు కాఫీ తాగినవారు ఇప్పుడు చేయి దించకండి. చూశారా, ఒక్క చేయీ దిగలేదు!

పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ ముట్టకూడదు. కాఫీ మాత్రను పేగులోకి పూర్తిగా ఇంకనివ్వదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఒక ఉపాధ్యాయిని మోతాదు ఏడాదిలో 75 నుంచి 150కి చేరినా టీఎస్‌హెచ్ దిగలేదు. మాటల్లో తేలిందేమిటంటే, ఆమె మరచిపోకుండా ఉండాలని కాల్షియం మాత్రనూ దీన్నీ ఒకే డబ్బీలో పెట్టుకుని, రెండూ కలిపి కాఫీతో మింగుతున్నారు. ఎడం పాటించాక డాక్టరు మోతాదు తగ్గించవలసి వచ్చింది. ఉదయం కుదరనివారు డాక్టరును అడిగి, రాత్రి భోజనం చేసిన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. రక్తపరీక్ష రోజు మాత్రం ముందు రక్తం ఇచ్చి, తర్వాత మాత్ర వేసుకోండి.

జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు మింగేవారికి ఇంకో హెచ్చరిక. అది కొన్ని యంత్రాలను మోసగిస్తుంది. టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 లేనంత ఎక్కువగా అచ్చవుతాయి. మందగించిన గ్రంథి పరుగెత్తుతున్నట్టు కనబడుతుంది. జుట్టు రాలడం ఈ జబ్బు లక్షణమే కావడం దీనిలోని వింత. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ బిళ్లలు ఆపి, సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

అయోడిన్ ఉప్పు ఎక్కువగా వేసుకుంటే తగ్గుతుందా అని నిర్వాహకులు చీటీ పంపారు. తగ్గదు. ఉప్పు మాట వచ్చింది గనుక మన శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారిని తలచుకోకుండా ఉండలేను. 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో మొదలైన పరిశీలన ద్వారా ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్, అంటే మెడలో థైరాయిడ్ గ్రంథి వాపు, తగ్గుతుందని ఆయన బృందం నిరూపించింది. మన వంటింట్లోని ఉప్పు పొట్లం వెనక ఆ కృషి ఉంది. కానీ అది అయోడిన్ కొరవడిన లోయ కథ. హషిమోటో జబ్బుకు అదనపు అయోడిన్ మందు కాదు, ఒక్కోసారి కీడు కూడా. అలాగే థైరాయిడ్‌కు చెరుపని కొందరు భయపడే క్యాబేజీని కూర వండుకుని మామూలుగా తింటే భయం లేదు. ఒళ్లు తగ్గుతుందని మాత్రలు ఎక్కువగా మింగడం మాత్రం నిజంగా ప్రమాదం; గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

కడుపుతో ఉన్న ఆడపిల్లలున్న ఇళ్లవారు ఇది వినండి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాక్సిన్ తల్లి నుంచే అందాలి. మందు వాడుతున్న అమ్మాయికి గర్భం తెలిసిన వారంలోనే డాక్టరును కలిస్తే, సాధారణంగా మోతాదును పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచి, సగం నెలలు నిండేవరకు నాలుగు వారాలకొకసారి పరీక్షిస్తారు. "గర్భిణికి మందులు వద్దు" అని పెద్దలు ఆపించిన సందర్భాలు నేను చూశాను. దయచేసి ఆపించకండి.

మా వదిన ఇప్పుడు సీసాను మంచం పక్కన అలారం గడియారం దగ్గర పెట్టుకుంటుంది. కొత్త సీసా తెరిచిన తేదీని మూత మీద పెన్నుతో రాస్తుంది. ఎవరైనా రిపోర్టు చూసి నార్మల్ అంటే, "మందుతోనా, మందు లేకుండానా?" అని అడుగుతుంది.

కొందరు కాగితాలు తెచ్చుకున్నారని కనబడుతోంది. సభ ముగిశాక ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. అంకె చూపించడానికి ముందు మాత్ర ఏ వేళకు, దేనితో వేసుకుంటున్నారో చెప్పండి. ఇంతసేపు ఓపికగా విన్నందుకు నమస్కారం.