స్టడీ అవర్ వల్లేనా ఆ మార్కులు?

(అమలాపురం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం)

యాంకర్: మాస్టారూ, మీ హైస్కూల్లో సాయంత్రం స్టడీ అవర్‌కి ఉన్న టెన్త్ పిల్లలకి మార్కులు బాగా వచ్చాయి. అన్ని బళ్ళలో పెట్టేయొచ్చు కదా?

హెడ్‌మాస్టర్: పెట్టాలండి. ఉండని వాళ్ళ మార్కులు చూడండి, మీకే తెలుస్తుంది.

లెక్చరర్: ఆ ఉండని వాళ్ళు ఎవరు మాస్టారూ?

హెడ్‌మాస్టర్: ఎక్కువమంది గోదావరి మధ్య లంకల పిల్లలేనండి. ఏరు దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోతుందని బెల్లు కొట్టగానే పరిగెడతారు. వరదలొస్తే అసలు రానే రారు.

లెక్చరర్: మరి మీరు పోల్చింది స్టడీ అవర్‌నా, రెండు ఒడ్లనా? ఇవతల ఒడ్డున కూడా, చీకటి పడ్డాక బండి మీద వచ్చి తీసుకెళ్ళే నాన్న ఉంటేనే పిల్ల ఆగుతుంది. ఆ ఇంట్లో చదువు మీద శ్రద్ధ ముందే ఉంది.

యాంకర్: తేల్చేదెలా?

లెక్చరర్: స్టడీ అవర్‌కి ఎవరుండాలో చీటీలు తీసి తేల్చడం అన్నిటికన్నా మేలు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 180 ఊళ్ళలో, ప్రైవేటు స్కూలు ఫీజు కట్టిపెట్టే వోచర్ల పథకాన్ని లాటరీ పద్ధతిలో నాలుగేళ్ళు పరీక్షించారు. మామూలుగా చూస్తే ప్రైవేటు పిల్లలే ముందుంటారు. లాటరీ తగిలినవాళ్ళు మాత్రం తెలుగు, లెక్కల్లో తగలనివాళ్ళని దాటలేదు, హిందీలో బాగుపడ్డారు. మీరు చంకలు గుద్దుకోకండి మాస్టారూ, ఆ ప్రైవేటు బళ్ళలో పిల్లాడికయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

హెడ్‌మాస్టర్: ఆయ్! చీటీ తీసి ఓ పిల్లని రావద్దంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?

లెక్చరర్: అందుకే కటాఫ్ ఉన్నచోటు వెతుక్కుంటాం. ఎనిమిదిలో రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్ ఉంది, ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. ఒకే కేటగిరీలో కటాఫ్‌కి ఒక్క మార్కు పైనున్న పిల్లకీ, ఒక్క మార్కు కిందున్న పిల్లకీ చదువులో పెద్ద తేడా ఉండదు. ఇంటర్ దాకా ఎవరు నిలిచారో చూస్తే డబ్బు పనిచేసిందో లేదో అంచనా దొరుకుతుంది. థిసిల్త్‌వైట్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు 1960లోనే అమెరికాలో మెరిట్ అవార్డుల మీద ఈ పద్ధతి వాడారు. కాకపోతే ఆ జవాబు కటాఫ్ దగ్గరున్న పిల్లలకే చెల్లుతుంది.

యాంకర్: స్టడీ అవర్‌కి కటాఫ్ లేదు కదండీ. తొమ్మిదో తరగతి మార్కులు కూడా లెక్కలోకి తీసుకుని పోలిస్తే?

లెక్చరర్: కొంత నయం. కానీ రిజిస్టర్‌లో ఉన్నవే లెక్కలోకి వస్తాయి. పుస్తకం తీయమని అమ్మ పోరుతుందా లేదా అన్నది ఎక్కడ రాసుంది? నన్నడిగితే ఆఖరి పంటుని ఓ గంట ఆలస్యంగా నడపాలి. అప్పుడు మీ లంక పిల్లల మార్కులు ఎంత మారాయో, పంటు టైము మారని ఇంకో రేవు పిల్లలవి ఎంత మారాయో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

హెడ్‌మాస్టర్: బానే ఉందండి. రేవు వేలంపాట పాడుకున్నాయన, ఆ గంటకి డీజిల్ డబ్బులు ఎవరిస్తారంటాడు మరి.