పప్పు ఎంత వేస్తున్నారు?

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి నాయుడుగారి విగ్రహం ఉంది. వీరఘట్టంలో పుట్టిన మనిషి. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న బలశాలి, కలియుగ భీముడని పేరు పడ్డవారు. ఆయన శాకాహారి అని మా ఉత్తరాంధ్ర పెద్దలు గర్వంగా చెబుతారు. నేను పిల్లలకు వ్యాయామం నేర్పే మాస్టారిని. "సార్, మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. నాకు కండ వస్తుందా?" అని ఎవరైనా కుర్రాడు అడిగితే నాకు మొదట ఆయన పేరే నోటికొస్తుంది.

కానీ ఈ మధ్య ఆ పేరుతో ఆగడం లేదు. ఒక మహాబలుడి కథ మనకు ఉత్సాహాన్నిస్తుంది. రేపు పొద్దున్న ఆ కుర్రాడి కంచంలో ఏముండాలో, ఎంత ఉండాలో మాత్రం చెప్పదు. నాకు ఆ "ఎంత" అనే మాట ముఖ్యం. ఈ కాసేపట్లో మీతో చెప్పదలచుకున్నదీ దాని గురించే.

అందుకని ఆ పిల్లలకు బ్రెజిల్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి చెబుతున్నాను. సావో పాలో విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది, 2021లో ప్రచురించారు. 38 మంది యువకులను తీసుకున్నారు. అందులో 19 మంది మాంసం, పాలు, గుడ్లు అన్నీ తినేవాళ్లు. మిగతా 19 మంది వీగన్లు, అంటే మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టనివాళ్లు. మన ఇళ్లలోని శాకాహారం కన్నా కఠినమైన నియమం అది. వీళ్లలో ఎవరికీ అంతకుముందు బరువులతో కసరత్తు చేసే అలవాటు లేదు.

వీళ్లందరితో 12 వారాల పాటు కాళ్ల వ్యాయామం చేయించారు. వారానికి రెండు రోజులే. పక్కన మనిషి నిలబడి చూస్తుండగా, బరువులతో, పద్ధతిగా. తిండి విషయంలో ఒక కొలత పెట్టారు. శరీరం బరువులో కిలోకి 1.6 గ్రాముల ప్రోటీన్ ప్రతి ఒక్కరికీ రోజూ అందాలి. తిండిలో తక్కువ పడినంత మేర వీగన్లకు సోయా పొడి ఇచ్చారు, మాంసాహారులకు పాల నుంచి తీసిన వే పొడి ఇచ్చారు. అంతే తేడా.

12 వారాల తర్వాత కొలిచారు. ఊరికే టేపు పెట్టి కొలవలేదు. స్కానింగ్ చేసి కాళ్లలో కొవ్వు తీసేస్తే మిగిలే బరువు ఎంతో చూశారు, అల్ట్రాసౌండ్‌తో తొడ కండ మందం చూశారు, సూదితో కండలోంచి చిన్న ముక్క తీసి దాని పోగులు కూడా పరీక్షించారు. మాంసాహారుల కాళ్లలో సగటున 1.2 కిలోలు పెరిగింది. వీగన్ల కాళ్లలో ఎంతనుకుంటున్నారు? అదే 1.2 కిలోలు. కాళ్లతో నెట్టే బరువు కూడా రెండు జట్లలోనూ బాగా పెరిగింది. ఒక జట్టు ముందు, ఒక జట్టు వెనక అని చెప్పదగ్గ తేడా రాలేదు.

ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎందుకంటే మా ఊరి పిల్లల్ని జిమ్ముల్లో భయపెడుతుంటారు. "చికెన్ తినకపోతే లాభం లేదురా" అంటారు. ఆ మాట విని ఇంట్లో అమ్మతో గొడవ పడ్డ పిల్లలను చూశాను. కసరత్తే మానేసిన పిల్లలను కూడా చూశాను. అది నాకు బాధ. 38 మందితో చేసిన చిన్న పరిశోధనే, నిజమే. అందరూ కుర్రాళ్లే, ఆడపిల్లలు లేరు, పెద్దవాళ్లు లేరు. అయినా దాన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు ముందుగా కొలత పెట్టుకున్నారు. ఎంత కావాలో చూసుకుని, అంత తిన్నారు.

మనం కొలత చూసుకోం. "మా ఇంట్లో రోజూ పప్పు ఉంటుందండీ" అంటాం. రోజూ ఉంటుంది, నిజమే. ఎంత ఉంటుంది?

చాలా ఇళ్లలో నలుగురికి ఒక టీ గ్లాసు కందిపప్పు వేస్తారు. అంటే సుమారు 100 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2017లో వేసిన పట్టిక ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ 22 గ్రాములకు కాస్త తక్కువ. నలుగురూ పంచుకుంటే మనిషికి ఐదు గ్రాములు. ఆ పప్పులోనే నీళ్లు పోసి పప్పుచారు చేస్తే గిన్నె నిండా కనిపిస్తుంది, కానీ నీళ్లు పెరిగాయి తప్ప పప్పు పెరగలేదు. అందుకే మా పిల్లలకు ఒక్క మాట పదేపదే చెబుతాను. పప్పును ఉడకక ముందు కొలవండి. గిన్నెలో ఉడికిన పప్పును చూసి లెక్క వేయకండి. ఉడకక ముందు కొలవండి.

అదే సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకి, శరీరం బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. కండ పెంచాలని బరువులు ఎత్తేవారికి ఆ బ్రెజిల్ కొలతలో వేసుకుంటే 96 గ్రాములు. 96 అనగానే ఇళ్లలో టెన్షన్ పడతారు. పడనక్కర్లేదు. ఒక రోజు తిండిని ఇప్పుడు మీతో కలిసి లెక్కేస్తాను.

పొద్దున్నే ఇడ్లీయో, ఉప్మానో కాకుండా పెసరట్టు వేశారనుకోండి. 75 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే అందులో ప్రోటీన్ 17 గ్రాములు. పక్కన పల్లీ చట్నీలో 30 గ్రాముల పల్లీలు పడితే ఇంకో ఏడు. అంటే బడికో, కాలేజీకో బయల్దేరేలోపు 24 అయిపోయింది. మన శాకాహార ఇళ్లలో పొద్దున్న పూట తిండే నీరసంగా ఉంటుందని నా అభిప్రాయం. ఉప్మా తిని పోయిన పిల్లవాడు మధ్యాహ్నం దాకా ఆ రవ్వ మీదే ఉంటాడు. మధ్యాహ్నం ముద్దపప్పు, మనిషికి 60 గ్రాముల కందిపప్పు, అందులో 13. సాయంత్రం శనగల గుగ్గిళ్లు. 50 గ్రాముల ఎండు శనగలు ముందురోజు రాత్రి నానబెట్టుకుంటే 9 వస్తుంది. రాత్రి మీల్ మేకర్ కూర. నీళ్లలో వేయక ముందు 50 గ్రాములు తూచుకుంటే సుమారు 25. రోజు మొత్తంలో అరలీటరు పాలూ పెరుగూ కలిపి 16. బియ్యాన్ని మనం లెక్కలోకే తీసుకోం కానీ, రెండు పూటలకీ కలిపి 250 గ్రాముల బియ్యంలో కూడా 20 ఉంది. మొత్తం 107. చూశారా, 96 దాటిపోయింది. ఇందులో డబ్బా పొడి ఒక్క చెంచా లేదు.

పాలు, పెరుగు కూడా మానేసినవారికి ఇందులో 91 మిగులుతుంది. ఇంకో గుప్పెడు శనగలు చాలు. ప్రోటీన్‌లో ఉండే లైసిన్ అనే అంశం అన్నంలో తక్కువ, పప్పులో అది బాగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో అంశాన్ని అన్నం ఇస్తుంది. ఈ రెండూ ఒకే ముద్దలో పడాలన్న నియమమేమీ లేదు, రోజులో ఎప్పుడో ఒకప్పుడు రెండూ పడితే చాలు.

"మేం శాకాహారులం కాదు కదా, మాకెందుకు" అని కొందరు శ్రోతలు అనుకుంటూ ఉండవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో పూర్తి శాకాహారులు తక్కువే. అయితే ఆదివారం కోడికూర తినే ఎన్నో ఇళ్లలో సోమవారం నుంచి శనివారం దాకా తినేది పప్పు, పులుసు, పచ్చడే. కార్తీక మాసం వస్తే ఆదివారం కూడా పోతుంది. కండ ఆదివారం ఒక్కరోజే పెరగదు కాబట్టి, ఈ పప్పు లెక్క వాళ్లదీనూ.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. నలుగురికీ వడ్డించి చివర్న కూర్చునే ఆవిడ. ఆవిడ వచ్చేసరికి పప్పు గిన్నెలో అడుగు కనిపిస్తుంటుంది. పచ్చడి, మజ్జిగ వేసుకుని లేచిపోతుంది. వయసు పెరిగేకొద్దీ కండ కరగడం ఎవరికైనా సహజం. నేల మీద నుంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోందంటే కాళ్లలో కండ తగ్గుతోందేమో అని ఆలోచించాలి. జిమ్ముకెళ్లే కొడుకు కోసం పప్పు పెంచుతున్నారా, అమ్మకి కూడా అంతే పెంచండి. దయచేసి పెంచండి. ఆవిడ కూడా రోజుమార్చి రోజు కుర్చీలోంచి చేతులు ఊతం పెట్టకుండా లేచి కూర్చోవడం సాధన చేయవచ్చు. అది చిన్న బస్కీయే. తిండి ఎంత తిన్నా, పని చెప్పని కండ పెరగదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాలు, పెరుగు కూడా మానేసినవారికి బి12 విటమిన్ మామూలు తిండిలో దొరకదు. డాక్టరుని అడిగి మాత్ర వేసుకోవాల్సిందే, ఇందులో వాదన లేదు. పాలు తాగే శాకాహారులు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది. భోజనం అవగానే టీ తాగకండి, పప్పులో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము బాగా పడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం నా మాట విని ప్రోటీన్ పెంచవద్దు, మీ డాక్టరు చెప్పిన కొలతే మీ కొలత. డబ్బా పొడుల గురించి కూడా అడుగుతారు. కండ కోసం ఆ పొడుల జోలికి పోవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. బ్రెజిల్‌లో సోయా పొడి వాడారు, నిజమే. మన కిరాణా కొట్టులో మీల్ మేకర్ ఉంది. అదీ సోయానే, ధర చాలా తక్కువ.

చివరగా, ఈ ప్రసంగం విని రేపే పప్పు మూడింతలు వేయకండి. కడుపు ఉబ్బరం వచ్చి, నాలుగో రోజుకి మానేస్తారు. ఇప్పుడు వేస్తున్న టీ గ్లాసుకి మొదటి వారం పావు గ్లాసు కలపండి, కడుపుకు పడితే రెండో వారం ఇంకో పావు. శనగలు, పెసలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మెత్తగా ఉడికించండి. ఇంగువ వేసుకోండి. నెల తిరిగేసరికి గ్లాసున్నర, రెండు గ్లాసులకి రావచ్చు. ఆ గ్లాసు మాత్రం మార్చకండి, రోజూ దానితోనే కొలవండి. ఉడకక ముందు.

నమస్కారం.