ఒక బస్తా బరువు

శ్రోతలకు నమస్కారం.

భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే రోడ్డు మీద కార్ల రిపేరు షెడ్డు మాది. "బండికి పికప్ పెరగాలి, ఏం బిగిద్దాం?" అంటూ కుర్రాళ్లు వస్తుంటారు. సైలెన్సర్ మార్చాలా, ఎయిర్ ఫిల్టర్ మార్చాలా అని ఫోన్‌లో ధరలు చూసుకుని మరీ వస్తారు. నేను ముందు డిక్కీ తెరవమంటాను. డ్రాగ్ రేసుకి ఏదైనా బిగించే ముందు బండిలో అనవసరపు బరువు దించాలి, ఈ రోజు ఆ సంగతే చెబుతాను.

డ్రాగ్ రేసు గురించి తెలియని వాళ్లకు రెండు మాటలు. తిన్నటి దారి మీద రెండు బళ్లు పక్కపక్కన ఆగి ఉంటాయి. పచ్చ దీపం వెలగగానే బయల్దేరి పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్లది గెలుపు. మలుపులుండవు, ఆగి ఉన్న బండి ఎంత తొందరగా వేగం అందుకుంటుందన్నదే పందెం. బరువు అసలు బాధ పెట్టేది అక్కడే. రెండు బస్తాలు వేసిన రిక్షాని తొక్కినవాళ్లని అడగండి. కదిలాక పర్వాలేదు, కదిలించేటప్పుడే పిక్కలు పట్టేస్తాయి. ఎడ్ల పరుగు పందెంలో బండి మీద ధాన్యం వేసుకుని ఎవరూ దిగరు కదా.

మా మేనల్లుడి దగ్గర పాత మారుతి 800 ఉంది. కొత్తలో ఆ కారు బరువు 650 కిలోల చుట్టూ ఉండేది, ఇంజన్ శక్తి 37 హార్స్ పవర్ దాకా. "మావయ్యా, ఇంజన్ దింపుదాం" అన్నాడు. ఇంజన్ సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు తూకం వేయించుకురా అన్నాను. ధాన్యం లారీలు తూగే రైస్ మిల్లు వేబ్రిడ్జి మీద కారు ఎక్కించాం. చీటీలో 690 వచ్చింది. ఆ కాటా పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది కాబట్టి కొంచెం అటూఇటూ అనుకోండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి ఇంకోసారి తూచాం. 420. అంటే బరువులో అరవై శాతం ముందే ఉంది. ఈ రెండో తూకం ఎందుకో కాసేపట్లో చెబుతాను.

షెడ్డుకి వచ్చి, రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి పక్క చెరువు వాళ్లని అడిగి తెచ్చుకున్నాం. విప్పింది విప్పినట్టు దాని మీద పెట్టి, గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటూ పోయాం. స్టెప్నీ 10 కిలోలు, జాకీ, పానాలు కలిపి 4. వెనక సీటు 13. పాటల కోసం వాడు పెట్టించుకున్న ఊఫర్ డబ్బా, దాని యాంప్లిఫయర్ 14. ముందు తగిలించిన ఇనప గార్డు 12. అలాంటి గార్డులు ప్రమాదమని, పెట్టవద్దని కేంద్రం 2017లోనే చెప్పింది, అది ఎలాగూ పోవాల్సిందే.

ఆ తర్వాత కింద పరిచిన కార్పెట్ ఎత్తాం. దాని అడుగున శబ్దం రాకుండా వేసే మందపాటి ఫెల్ట్ ఉంటుంది. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మడిచి పిండితే టీ డికాషన్ రంగులో నీళ్లు కారాయి, మురిగిన పీచు వాసన. వానాకాలం నుంచీ ఆ నీళ్లు అందులోనే ఉన్నాయి. పైన కార్పెట్ పొడిగా కనిపిస్తుంటే ఎవరికి తెలుస్తుంది? కాటా మీద 11 కిలోలు తూగింది. నాలుగు రోజులు ఎండలో వేశాక అదే ఫెల్ట్ 4 కిలోలు. ఏడు కిలోల నీళ్లు మోస్తూ తిరిగింది ఆ కారు! మన డెల్టాలో వానకి తడిసిన ఏ పాత కారుకైనా ముందు ఇది చూడమంటాను.

పెట్రోలు కూడా బరువే. లీటరు సుమారు 740 గ్రాములు. ట్యాంకులో 20 లీటర్లు తగ్గిస్తే 15 కిలోలు పోతాయి. మరీ అడుగంటనివ్వకండి, కారు దూకేటప్పుడు పెట్రోలు వెనక్కి పోయి పంపుకి అందకపోతే ఇంజన్ తడబడుతుంది.

మళ్లీ కాటా ఎక్కిస్తే 610. ధాన్యం బస్తా 75 కిలోలు కదా, బస్తా పైచిలుకే దిగింది. నడిపేవాడితో కలిపి చూస్తే మొత్తంలో పదో వంతు. పదో వంతు బరువు తగ్గితే పావు మైలు సమయం సుమారు మూడున్నర శాతం తగ్గుతుందని రేసుల వాళ్లు చాలాకాలంగా వాడే లెక్క. ఇలాంటి కారుకి పావు మైలు దాటడానికి 20 సెకన్లు పడుతుందనుకుంటే, 0.7 సెకను కలిసొస్తుంది. గీత దాటేటప్పటి వేగంలో అది 20 మీటర్లు, ఆరు మారుతీలు వరసగా పెట్టినంత దూరం. 45 కిలోలకి పదో వంతు సెకను అని అమెరికా వాళ్లు చెప్పే లెక్క పెద్ద ఇంజన్ల బరువైన కార్లది. మన చిన్న కార్లకి లాభం ఇంకా ఎక్కువ. ఇదే లాభం ఇంజన్ నుంచి రాబట్టాలంటే ఇంకో నాలుగు హార్స్ పవర్ కావాలి. ఆ పాత ఇంజన్ నుంచి నాలుగు పిండాలంటే ఎంత ఖర్చో షెడ్డు నడిపేవాడిగా నాకు తెలుసు. ఇక్కడ అయ్యింది ఒక పూట పని.

ఇప్పుడు ఆ రెండో తూకం సంగతి. నరసాపురం రేవులో మోటారు పడవ చూసే ఉంటారు. ఒక్కసారి వేగం పెంచితే ముక్కు లేచి వెనక భాగం నీళ్లలోకి దిగుతుంది. కారుకీ అంతే, దూకేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి పోతుంది. వెనక చక్రాలతో నడిచే కారుకి అది మేలు. మారుతి 800 లాంటివి ముందు చక్రాలతో లాగుతాయి. ముందు బరువు మరీ తగ్గిస్తే చక్రం పట్టు దొరక్క ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే మన కార్లకి మొదట వెనక భాగం ఖాళీ చేయాలి. బ్యాటరీని డిక్కీలోకి మార్చడమనేది వెనక చక్రాల కార్ల వాళ్ల చిట్కా. మనం చూసి చేస్తే నష్టమే.

చక్రాల బరువు మాత్రం ఎక్కడున్నా తగ్గించాల్సిందే. చక్రం ముందుకి పోవాలి, తన చుట్టూ తానూ తిరగాలి, ఇంజన్‌కి రెండు పనులు. టైరు అంచున ఉన్న కిలో దాదాపు రెండు కిలోల పెట్టు. అయితే అల్లాయ్ చక్రాలన్నీ తేలికని నమ్మకండి. కొన్ని ఇనప చక్రం కన్నా బరువుంటాయి. కొనేముందు షాపులోనే తూయించండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అమెరికాలో పాంటియాక్ కంపెనీ 1963లో డ్రాగ్ పందేల కోసమే కొద్ది కార్లు చేసి, బరువు తగ్గడానికి చాసీకి, అంటే కారు అడుగున ఉండే ఇనప చట్రానికి, వరసగా పెద్ద పెద్ద రంధ్రాలు తొలిచింది. ఆ ఫొటోలు చూసి డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నవాళ్లు నా దగ్గరికే వచ్చారు. మన చిన్న కార్లకి విడిగా చాసీ ఉండదు, ఆ రేకు బాడీయే బరువంతా మోస్తుంది. పైగా మనది సముద్రపు గాలి. రంధ్రం పెట్టిన చోట పెయింట్ పోతుంది, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. దయచేసి ఆ పని చేయకండి. సీటు బెల్టులు, తల వెనక దిండు, తలుపుల్లో ఉండే ఇనప కమ్మీలు, బ్రేకులకి సంబంధించిన ఏ ముక్కా ముట్టుకోకండి. కమ్మీ తీసేద్దామని ఎవరైనా అడిగితే నేను కారు తాళం తిరిగి ఇచ్చేస్తాను.

ఈ పందెం రోడ్డు మీద వద్దు. కోతల రోజుల్లో మన రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, పక్కన ఆడవాళ్లు తిరగేస్తుంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు నేరం. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ రేస్ ట్రాక్ ఉంది, డ్రాగ్ పోటీలు జరుగుతాయి. మనకి సుమారు ఐదు వందల కిలోమీటర్లు. అక్కడిదాకా స్టెప్నీ, జాకీ, సీటు కారులోనే వెళ్లాలి. ట్రాక్ దగ్గర టార్పాలిన్ పరిచి విప్పుకుని, పందెం అయ్యాక బిగించుకుని రావాలి. వెనక సీటుకి పావుగంట చాలు.

మా వాడి కారులో ఊఫర్, గార్డు మళ్లీ పెట్టలేదు. ఆరిన ఫెల్ట్ పరిచేశాం. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని ముందు అద్దం మీద బకెట్ నీళ్లు పోశాను. ఎడమ మూల రబ్బరు పగిలి, అక్కణ్ణుంచి డ్యాష్‌బోర్డు వెనకగా సన్నటి ధార దిగింది. ఆ రబ్బరు మార్చాం.