మొదళ్లు కలిశాయా?

రెండు పుల్లలిచ్చి "ఏది పొడుగు?" అంటే నాలుగేళ్ల పిల్లలు టక్కున చూపిస్తారు. సరైనదే చూపించినా అప్పుడే సంబరపడకండి. రెండు సమానమైన పుల్లలు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని కాస్త ముందుకు జరిపి మళ్లీ అడగండి. ముందుకొచ్చిందే పొడుగంటారు చాలామంది. చూపంతా ఆ కొస మీదే ఉంటుంది, వెనక ఎంత తగ్గిందో పట్టదు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే గమనించింది ఇదే.

అందుకే ముందు నేర్పాల్సింది మొదళ్లు కలపడం. బల్ల మీద గీత గీసే బదులు అట్టపెట్టె అంచుకు పుల్లలు ఆనించమనండి. గీత దాటినా పిల్లలకు తెలియదు, అంచైతే ఆపుతుంది. కొన్నాళ్లకు పెట్టె తీసేయండి. ఎవరూ చెప్పకుండానే అరచేత్తో మొదళ్లు సర్దుకుంటున్నారంటే వచ్చేసినట్టే.

పుల్లల లావు, రంగు ఒక్కటే ఉండాలి. రంగులు వేరైతే "ఎర్రది తర్వాత పచ్చది" అని బట్టీ పడతారు. మాంటిస్సోరి బడుల్లో పొడుగు నేర్పడానికి వాడే ఎర్ర కడ్డీలు పది, 10 సెం.మీ. నుంచి మీటరు దాకా, అన్నీ ఒకే లావు. అవి లేకపోతే 10, 15, 20 సెం.మీ. పుల్లలు కోసుకోండి. తేడాను తర్వాత రెండుకు, ఆపైన ఒకటికి తగ్గించవచ్చు. "ఏది పెద్దది?" అని మాత్రం అడగొద్దు. లావుపాటిది చూపిస్తే తప్పు మన ప్రశ్నదే.

అసలు చిక్కు మూడో పుల్లతో వస్తుంది. ఇందాక పొడుగన్న పుల్లే ఇప్పుడు పొట్టిదెలా అయింది? ఇక్కడ తొందరపడొద్దు. మధ్య పుల్లను చేతికిచ్చి, అటొకసారి ఇటొకసారి ఆనించి, "దీనికంటే పొడుగు, దానికంటే పొట్టి" అని వాళ్ల నోటితోనే చెప్పించండి. "కంటే" లేని జవాబు సగం జవాబే.

ఐదారు పుల్లలిచ్చి పొడుగు వరసలో పేర్చమంటే కొందరు జతలు చేసి ఆగిపోతారు. కొందరు పైన మెట్లు చక్కగా పేర్చి, కింద మొదళ్లు ఎగుడుదిగుడుగా వదిలేస్తారు. పుల్లలన్నీ గుప్పిట నిలబెట్టి బల్లకు తట్టమనండి. అన్నిటికంటే పైకి పొడుచుకొచ్చింది తీసి పక్కన పెట్టాలి, మిగతావాటితో మళ్లీ అదే పని. వరస పూర్తయ్యాక ఇంకో పుల్ల ఇచ్చి మధ్యలో ఇరికించమనండి. కంటి అంచనాతో పేర్చినవాళ్లు అంతా చెదరగొట్టి మొదటికొస్తారు. వాళ్లను మందలించొద్దు, పుల్లలు తగ్గించండి.

పక్కపక్కన పెట్టలేని వాటికి, అంటే తలుపు వెడల్పు, బల్ల ఎత్తు లాంటివాటికి, దారం కావాలి. ఉన్ని, రబ్బరు సాగుతాయి, పురికొస వాడండి. ఒక కొసన ముడి వేయండి, మొదలెక్కడో పిల్లలకు గుర్తుంటుంది.