అమ్మానాన్నలకు బిజినెస్ క్లాస్ తీయాలా? నెల్లూరు నుంచి అమెరికా దాకా రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఇది షాంపేన్ గ్లాసు పట్టుకుని సెల్ఫీలు దిగే రివ్యూ కాదు. అక్క డెలివరీకి అమ్మానాన్నలను అమెరికా తీసుకెళ్ళాల్సి వచ్చింది, నాన్నకేమో మోకాళ్ళ నొప్పులు, ఎకానమీలో కాళ్ళు ముడుచుకుని అన్ని గంటలు కూర్చోవడం ఆయన వల్ల కాదు. అందుకని గల్ఫ్ మీదుగా వెళ్ళే ఒక ఎయిర్‌లైన్‌లో ముగ్గురికీ బిజినెస్ క్లాస్ తీశాం. ఎయిర్‌లైన్ పేరు చెప్పను. చెబితే కామెంట్లలో మాది గొప్పంటే మాది గొప్పని మొదలుపెడతారు, అసలు సంగతి పక్కకు పోతుంది.

అసలు సంగతి ఏంటంటే, టికెట్ మీద బిజినెస్ అని ఉన్నంత మాత్రాన లోపల పడుకోవడానికి మంచం ఉంటుందని గ్యారంటీ లేదు. మాకు రెండు విమానాలు. చెన్నై నుంచి గల్ఫ్ దాకా నాలుగున్నర గంటలు, అందులో సీటు వెనక్కి వాలింది గానీ పూర్తిగా పరుచుకోలేదు, పాత సీటు. మన గరుడ బస్సులో సీటు కంటే కాస్త వెడల్పు, అంతే. అక్కడ పెట్టిన డబ్బు దండగ అని మొహమాటం లేకుండా చెబుతున్నా. రెండో విమానంలో మాత్రం సీటు బల్లపరుపుగా పరుచుకుంది, నాన్న దుప్పటి కప్పుకుని ఆరేడు గంటలు కదలకుండా పడుకున్నారు. మొత్తం ఖర్చు ఆ నిద్ర కోసమే అనుకోండి.

కాబట్టి బుక్ చేసే ముందు సీట్ మ్యాప్ తెరిచి చూడండి. వరుసలో సీట్లు 1-2-1 అని, అంటే రెండు కిటికీల పక్కనా ఒక్కొక్కటి, మధ్యలో రెండు ఉంటే, ప్రతి ఒక్కరికీ నడవలోకి దారి ఉంటుంది, ఎవరినీ దాటుకుని బాత్రూమ్‌కి పోనక్కర్లేదు. ఎమిరేట్స్ పాత బోయింగ్ 777 విమానాల్లో బిజినెస్ 2-3-2, అంటే అంత డబ్బు కట్టి కూడా మధ్య సీట్లో ఇరుక్కోవచ్చు. అదే ఎమిరేట్స్ ఎయిర్‌బస్ ఎ380లో 1-2-1. ఖతార్ వాళ్ళ తలుపున్న క్యూసూట్ 2017లో వచ్చింది గానీ, వాళ్ళ విమానాలన్నిటిలోనూ అది లేదు. ఎయిర్ ఇండియా 2024లో మొదలుపెట్టిన ఎ350లో 1-2-1 ఉంది. చూశారుగా, కంపెనీ ఒకటే అయినా విమానం మారితే కథ మారిపోతుంది. పైగా బుక్ చేశాక కూడా విమానం మార్చేస్తుంటారు, అందుకే బయల్దేరే వారం ఇంకోసారి చూసుకోండి.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటి. అమ్మ పొట్టి మనిషి. ఈ సీట్లలో కాళ్ళు పెట్టుకునే చోటు ముందు సీటు కింద గూడులాగా ఎక్కడో దూరంగా ఉంటుంది. పడుకున్నప్పుడు బాగానే ఉంది, నిటారుగా కూర్చుంటే మాత్రం అమ్మ పాదాలు అక్కడికీ అందవు, నేలకీ సరిగా ఆనవు. "ఏందిరా అబ్బయ్యా, లక్షలు పోసి కాళ్ళు వేలాడేసుకోని కూర్చోవాల్నా?" అంది. చివరికి హ్యాండ్‌బ్యాగ్ మీద దిండు వేసి కాళ్ళ కింద పెట్టాం, టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు మాత్రం తీసేయాల్సి వచ్చింది. పొడుగు వాళ్ళకు దీనికి రివర్స్ కష్టం, ఆ గూడు సన్నగా ఉంటే పక్కకు తిరిగినప్పుడల్లా పాదాలు తగులుకుంటాయి.

తిండి సంగతి. తెల్ల గుడ్డ పరిచి, ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి తెస్తారు, అన్నం ఎప్పుడు పెడతారని అమ్మ రెండుసార్లు అడిగింది. పైన గాలి పొడిగా, పీడనం తక్కువగా ఉండటం వల్ల ఉప్పూ తీపీ నాలుకకు సరిగా తెలియవు, అందుకే ఏం తిన్నా చప్పగా అనిపిస్తుంది. మేం తీసుకెళ్ళిన కందిపొడి పొట్లం అక్కడ పనికొచ్చింది. బీఫ్ వద్దనుకునే వాళ్ళు హిందూ మీల్, శాకాహారులు ఏషియన్ వెజ్ మీల్ కనీసం 24 గంటల ముందే పెట్టుకోవాలి. అది పెట్టుకుంటే మాత్రం మెనూలో మిగతావి మీకు దక్కకపోవచ్చు.

లగేజ్ గురించి రెండే ముక్కలు: గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌లో అమెరికాకు బిజినెస్ టికెట్ మీద మామూలుగా మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు. పచ్చళ్ళు, మలై కాజా, బట్టలు అన్నీ పట్టాయి.

డబ్బు. నేను చూసిన రేట్లలో ఎకానమీకి మూడు రెట్ల పైనే ఉంది. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి బిజినెస్ టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది, ఎకానమీకి 5 శాతమే. నా మాట వింటే తక్కువ గంటల విమానంలో ఎకానమీ, ఎక్కువ గంటల విమానంలో బిజినెస్, ఇలా కలిపి ఇవ్వగలరేమో ఏజెంట్‌ని అడగండి. అదీ కుదరకపోతే ఎకానమీలోనే ఎ350, బోయింగ్ 787 లాంటి కొత్త రకం విమానాలు ఉన్న రూట్ వెతకండి. పాత విమానాల్లో లోపలి గాలి 8000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటే వీటిలో 6000 అడుగుల మీద ఉన్నట్టు ఉంటుంది, పెద్దవాళ్ళకు అలసట తక్కువ. ఏ క్లాస్ అయినా మధ్యమధ్యలో లేపి నడిపించండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం బిజినెస్ వాళ్ళనేం వదిలిపెట్టదు.

నెల్లూరు దగ్గర దగదర్తి ఎయిర్‌పోర్ట్ వచ్చేదాకా మన నెల్లూరు వాళ్ళకు చెన్నైనే దిక్కు కదా. గల్ఫ్ విమానాలు ఎక్కువగా తెల్లవారుజామునే. చెన్నై ఎయిర్‌పోర్ట్ ఉండే మీనంబాకం ఊరికి అటువైపు, కాబట్టి సిటీలోకి దూరకుండా పుళల్ దగ్గర బైపాస్ ఎక్కమని డ్రైవర్‌కి ముందే చెప్పండి.

చివరగా, వీల్‌చైర్ కోసం బిజినెస్ తీద్దామనుకునే వాళ్ళు చాలామంది మెసేజ్ పెడుతున్నారు. అక్కర్లేదండీ, వీల్‌చైర్ ఎకానమీ వాళ్ళకూ ఉచితమే, బుకింగ్‌లో ముందే అడగాలి అంతే.