మౌస్ ముట్టకుండా అక్షరదోషాలను దిద్దడం

(తెరపై: వర్డ్‌లో తెరిచిన తెలుగు వ్యాసం. "విధ్యార్థి" అనే మాట కింద ఎర్రని అలల గీత.)

నమస్కారం. తెర మీది ఈ వ్యాసంలో "విద్యార్థి" అని ఉండవలసిన చోట "విధ్యార్థి" అని పడింది. ఇటువంటిది కనబడగానే చాలామంది కీబోర్డు మీది నుంచి చెయ్యి తీసి, మౌస్ పట్టుకుని, బాణం గుర్తును ఆ మాట మీదికి తెచ్చి, కుడి బటన్ నొక్కి దిద్దుతారు. ఒకటి రెండు తప్పులకైతే పరవాలేదు కానీ, ఇరవై పేజీల వ్యాసంలో చెయ్యి అలా అటూ ఇటూ తిరుగుతూ ఉంటే చదువుతున్న వాక్యం మీద ధ్యాస నిలవదు. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌విడిఎ వంటి స్క్రీన్ రీడర్ సహాయంతో పనిచేసే అంధులు ఈ పనంతా మొదటి నుంచీ కీలతోనే చేస్తున్నారు.

(తెరపై: ఆల్ట్, ఎఫ్7 కీలు.)

వర్డ్‌లో ఆల్ట్ కీ పట్టుకుని ఎఫ్7 నొక్కితే, కర్సర్ తరువాతి తప్పు దగ్గరకు తానే వెళ్లి, సూచనల జాబితాను తెరుస్తుంది. కింది బాణంతో సరైన మాటను ఎంచుకుని ఎంటర్ నొక్కితే సరిపోతుంది; ఏదీ నచ్చకపోతే ఎస్కేప్ నొక్కి బయటికి రావచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దీనికి ఎఫ్ఎన్ కీని కూడా కలిపి నొక్కవలసి ఉంటుంది. కర్సర్ ఇప్పటికే తప్పు మాట మీద ఉంటే షిఫ్ట్, ఎఫ్10 నొక్కినా చాలు. లిబ్రాఆఫీస్ రైటర్‌లో ఎఫ్7 నొక్కితే తనిఖీ పెట్టె తెరుచుకుంటుంది.

అయితే తెలుగు విషయంలో ఎర్రగీతను పూర్తిగా నమ్మడానికి లేదు. "వెళ్లిపోవాలనుకుంటున్నవాళ్లందరికీ" వంటి మాట మనకు సహజమే కానీ, అటువంటి రూపాలన్నింటినీ ఏ నిఘంటువులోనూ పేర్చి పెట్టలేరు కాబట్టి, తప్పు లేని మాటల కింద కూడా గీత పడుతూ ఉంటుంది. అందువల్ల చేత్తో దిద్దడం తప్పదు.

(తెరపై: "విధ్యార్థి" పెద్ద అక్షరాలలో. మాట మొదట కర్సర్.)

కంట్రోల్ కీతో ఎడమ, కుడి బాణాలు నొక్కితే కర్సర్ మాట వెంట మాటగా కదులుతుంది. ఇప్పుడు అది "వి"కి ముందు ఉంది. కుడి బాణం ఒకసారి నొక్కితే "వి" దాటి "ధ్యా" ముందు నిలుస్తుంది. ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. మన కంటికి "ధ్యా" ఒకే అక్షరం. కంప్యూటరుకు మాత్రం అది ధ, పొల్లు, య, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు. వర్డ్ వంటి చాలా సాఫ్ట్‌వేర్లలో డిలీట్ కీ ఆ అక్షరాన్ని మొత్తంగా ఒక్క దెబ్బకు తీసేస్తుంది. బ్యాక్‌స్పేస్ అయితే చివరి నుంచి ఒక్కొక్క సంకేతాన్నే తీస్తుంది. కాబట్టి అక్షరమంతా మార్చవలసి వస్తే ముందు నిలబడి డిలీట్, గుణింతం ఒక్కటే తప్పితే వెనుక నిలబడి బ్యాక్‌స్పేస్ వాడండి. ఇప్పుడు డిలీట్ నొక్కి "ద్యా" టైపు చేశాను. మాట మొత్తం చెడిపోతే దాని చివర కంట్రోల్, బ్యాక్‌స్పేస్ నొక్కి తిరిగి రాయడమే మేలు.

(తెరపై: కంట్రోల్, హెచ్ నొక్కగా తెరుచుకున్న పెట్టె.)

ఒకే తప్పు అనేక చోట్ల ఉంటే కంట్రోల్, హెచ్ నొక్కండి. మొదటి గడిలో "ప్రాధమిక" అని రాసి, ట్యాబ్ నొక్కి, రెండవ గడిలో "ప్రాథమిక" అని రాసి, ఆల్ట్, ఎ నొక్కితే అన్నీ ఒకేసారి మారతాయి. అన్ని మాటలకూ ఇది తగదు. ఒకసారి నేను "కధ"ను "కథ"గా మార్చమని ఇలాగే ఆదేశించి, తీరా అచ్చుకు పంపే ముందు చూసుకుంటే "లోకధర్మం" కాస్తా "లోకథర్మం" అయి కూర్చుంది. చిన్న మాటల విషయంలో ఆల్ట్, ఎఫ్‌తో ఒక్కొక్క చోటికీ వెళ్లి, చదివి చూసి, ఆల్ట్, ఆర్‌తో మార్చండి. చెయ్యి జారితే, చేసిన మార్పును వెనక్కి తీసుకోవడానికి కంట్రోల్, జెడ్ ఉంది.

(తెరపై: "సాఫ్ట్వేర్".)

ఇక మిగిలింది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలలో కనిపించే తప్పు. ఇక్కడ "వే" వచ్చి కింద ఒత్తుగా అతుక్కుంది. మాట చివరి నుంచి ఎడమ బాణం ఒకసారి నొక్కి "ర్" ముందు ఆగండి. బ్యాక్‌స్పేస్ రెండుసార్లు నొక్కితే ఏత్వమూ, వకారమూ పోయి పొల్లు మిగులుతుంది. విండోస్, స్పేస్ కీలతో ఇంగ్లీషుకు మారి, 200సి అని కొట్టి, వర్డ్‌లో ఆల్ట్, ఎక్స్ నొక్కండి. ఆ అంకెలు మాయమై, కంటికి కనబడని ఒక అడ్డుగోడ అక్కడ నిలుస్తుంది. మళ్లీ తెలుగుకు వచ్చి "వే" టైపు చేస్తే, అది ఒత్తుగా దిగకుండా పక్కనే నిలబడి "సాఫ్ట్‌వేర్" అవుతుంది.